రింగు తెరిచి ఉందా, మూసి ఉందా: మా లాక్టోన్ల ప్రాజెక్టు డైరీ

1వ రోజు, శనివారం

మొత్తానికి మొదలుపెట్టేశాం. మా మేనకోడలి స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది, ఐదు వారాలు టైముంది, "మావయ్యా, అగ్నిపర్వతం తప్ప ఏదైనా చేద్దాం, అది అందరూ తెస్తారు" అని ముందే చెప్పేసింది బుజ్జి. నేను ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటా కాబట్టి శని ఆదివారాలు బీకర్లకీ బ్యూరెట్లకీ లోటు లేదు, పర్మిషన్ కూడా తీసేసుకున్నా. టాపిక్ మాత్రం నేను ఎంచిందే, లాక్టోన్లు.

ఎందుకివే అంటే, వీటి గురించి ఎక్కడ చదివినా పెద్ద చిట్టా చదువుతారు, పీచ్ పండు వాసన లాక్టోను, యాంటీబయాటిక్ లాక్టోను, విటమిన్ సి లాక్టోను, పిల్లులకి పిచ్చెక్కించే క్యాట్‌నిప్‌లో ఉండేదీ లాక్టోనే, ఇలా పోతూనే ఉంటుంది, చదివి లేచాక ఒక్కటీ గుర్తుండదు. నాకేమో డిగ్రీ రోజుల నుంచీ ఒకటే పురుగు తొలుస్తా ఉంది, ఆ రింగు తన పని చేసేటప్పుడు మూసి ఉంటుందా తెరిచి ఉంటుందా, తెరిస్తే తెరిచేదెవరు అని. ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే నడపాలని ఫిక్సయ్యాం.

బుజ్జికి ఎలా చెప్పానంటే, సీల పెట్టే కడియం ఉంటుంది కదా, సీల తీస్తే విచ్చుకుంటుంది, పెడితే గుండ్రంగా మూసుకుంటుంది. లాక్టోన్ అదే. ఒకే అణువులో ఒక చివర ఆసిడ్ గుంపు, ఇంకోచోట ఓహెచ్ గుంపు ఉన్నాయనుకో, రెండూ దగ్గరకొచ్చి ఒక నీటి అణువుని బయటికి తోసేసి కలిసిపోతాయి, రింగ్ ఆకారంలో ఉండే ఎస్టర్ తయారవుతుంది. మళ్ళీ నీళ్ళు లోపలికి దూరితే సీల ఊడుతుంది. రింగులో మొత్తం నాలుగు పరమాణువులుంటే బీటా, ఐదుంటే గామా, ఆరుంటే డెల్టా అంటారు. ఐదూ ఆరూ సుఖంగా కూర్చుంటాయి, నాలుగు మాత్రం ఇరుకు, ఎప్పుడు విరుచుకుందామా అని చూస్తా ఉంటుంది.

పేరు పాల నుంచి వచ్చింది, లాటిన్‌లో పాలకి లాక్ అంటారు. పులిసిన పాలలో దొరికిన లాక్టిక్ ఆసిడ్ మీద పనిచేస్తా 1844లో ఫ్రెంచ్ కెమిస్ట్ పెలూజ్ ఈ మాట వాడాడు, 1880లో జర్మనీ ఆయన ఫిట్టిగ్ ఇలాంటి రింగు ఎస్టర్లు అన్నింటికీ అదే పేరు ఖాయం చేశాడు. బుజ్జి నోట్సులో రాసుకుంది. నేను కాఫీకి వెళ్ళా.

2వ రోజు, ఆదివారం

ముందు కంటికి కనపడేది ఒకటి కావాలి. రింగు తెరుచుకుందో లేదో మామూలుగా చూసి చెప్పలేం, కానీ ఒక లాక్టోన్ ఉంది, అది ల్యాబుల్లో అందరూ వాడేదే, లాక్టోన్ అని మాత్రం ఎవరూ చెప్పరు. ఫినాఫ్తలీన్. ఆసిడ్లో ఉన్నంతసేపు దాని రింగు మూసి ఉంటుంది, రంగు లేదు. పీహెచ్ అంటే ఆసిడ్ ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆసిడ్ ఎక్కువ, పీహెచ్ 8 దాటి పైకి పోతే రింగు తెరుచుకుంటుంది, గులాబీ రంగు. ఇంతకాలం టైట్రేషన్లో, అంటే చుక్క చుక్కగా క్షారం వేసి ఆసిడ్ ఎంతుందో కొలిచేటప్పుడు, మనం చూసిందంతా ఒక లాక్టోన్ రింగు తెరుచుకోవడమేనన్నమాట.

రెండు చుక్కలు వేసి, సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపితే గులాబీ, నిమ్మరసం పిండితే మాయం, మళ్ళీ సోడియం హైడ్రాక్సైడ్, మళ్ళీ గులాబీ. బుజ్జి ఒక పదిసార్లు చేసింది, ఆపమంటే ఆపదే.

ఇందులోనే మందుల కథ కూడా ఒకటి దొరికింది. 1871లో బేయర్ అనే జర్మన్ కెమిస్ట్ దీన్ని తయారుచేశాడు, తర్వాత వందేళ్ళకి దగ్గరగా దీన్ని విరేచనాల మాత్రగా అమ్మారు, చాక్లెట్లలో చూయింగ్ గమ్‌లలో కూడా కలిపి. ఎలుకల మీద పరీక్షల్లో క్యాన్సర్ అనుమానం రావడంతో 1999లో అమెరికాలో తీసిపారేశారు. "ఛీ మావయ్యా, ఇదా మనం ఇందాకట్నుంచి ఆడుకుంటుంది" అని చెయ్యి మూడుసార్లు కడుక్కుంది. కడుక్కోవాలి కూడా, ల్యాబులో ఏం ముట్టుకున్నా.

8వ రోజు, శనివారం

ఈరోజు పోయింది. మొత్తం పోయింది.

ప్లాన్ ఏంటంటే గ్లూకోనో డెల్టా లాక్టోన్, ఇక నుంచి జీడీఎల్ అని రాస్తా. తెల్లటి పొడి, తిండి పదార్థాల్లో ఈ-575 నంబరుతో కనపడుతుంది. నీళ్ళలో వేస్తే రింగు మెల్లగా తెరుచుకుని గ్లూకోనిక్ ఆసిడ్ అవుతుంది. అది ఎంత మెల్లగానో పీహెచ్ మీటరుతో నిమిషం నిమిషం పట్టుకోవాలని. కొత్తగా కలిపిన 1 శాతం ద్రావణం పీహెచ్ 3.5 దగ్గర మొదలై రెండు గంటల్లో 2.5 వైపు పోవాలి అని పుస్తకం లెక్క. మాకు మొదటి నిమిషంలోనే 2.9 చూపించింది, అరగంటకి 2.8, అంతే, కదలదు మెదలదు.

ముందు మీటర్‌ని తిట్టా. నిజంగానే తప్పు ఒకటుంది, పీహెచ్ 7 దగ్గర స్థిరంగా ఉండే బఫర్ ద్రావణం ఒక్కదానితోనే క్యాలిబ్రేట్ చేసి వదిలేశా, ఆసిడ్ వైపు కొలిచేటప్పుడు 4 బఫర్‌తో కూడా చెయ్యాలని తెలిసీ బద్ధకించా. సరిచేసి మళ్ళీ చూసినా అదే కథ. అప్పుడు డబ్బా వంక చూశా, మూత సరిగ్గా పెట్టలేదు ఎవరో, ఎప్పటి నుంచి ఉందో ఏమో, లోపల పొడి గడ్డలు కట్టి ఉంది. గాల్లో తేమకే కొంత రింగు తెరుచుకుని కూర్చుంది, మేం నీళ్ళలో వెయ్యకముందే ప్రయోగం సగం అయిపోయిందన్నమాట, మేం లేకుండానే.

బుజ్జి ముఖం మాడ్చుకుంది గానీ నాకైతే ఈ పోయిన రీడింగే నచ్చింది. పాత డబ్బా గ్రాఫు కూడా బోర్డు మీద పెడదాం అన్నా.

9వ రోజు, ఆదివారం

కొత్త ప్యాకెట్, సీల్ తియ్యనిది. 1 గ్రాము, 100 మి.లీ. నీళ్ళు, గది వేడి 25 డిగ్రీలు.

1వ నిమిషం 3.6. పదో నిమిషం 3.1. అరగంటకి 2.9. గంటకి 2.75. రెండు గంటలకి 2.65. అందంగా వంగిన గీత, మొదట్లో జారుడుబల్ల, తర్వాత చదును. చివరికి మొత్తం అంతా తెరుచుకోదు, ఒక సమతౌల్యం దగ్గర ఆగుతుంది, సగం కంటే కాస్త ఎక్కువ ఆసిడ్‌గా మారి మిగతాది లాక్టోన్‌గానే ఉండిపోతుంది.

రుచి విషయం. తినడానికి పనికొచ్చే ప్యాకెట్ వేరేది ఇంట్లో పెట్టాను, ల్యాబులో నోట్లో ఏదీ పెట్టకూడదు, ఆ రూలు బుజ్జికి గట్టిగా చెప్పా. ఇంటికొచ్చి చిటికెడు నాలుక మీద వేసుకుంటే ముందు తియ్యగా, కాసేపటికి లేతగా పులుపు. రింగు నాలుక మీదే తెరుచుకుంటోంది. ఇంతకంటే మంచి డెమో లేదు గానీ వచ్చినవాళ్ళ నోట్లో పొడి వెయ్యడానికి స్కూలు వాళ్ళు ఒప్పుకోరు.

ఇదేదో ఫ్యాక్టరీ సరుకు అనుకోకండి. తేనెటీగ దగ్గర గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది మకరందంలో గ్లూకోజ్‌ని ఇదే లాక్టోన్‌గా మారుస్తుంది, పక్కన హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వస్తుంది, లాక్టోన్ తెరుచుకుని గ్లూకోనిక్ ఆసిడ్ అవుతుంది, తేనెలో ఉండే ఆసిడ్లలో ముఖ్యమైనది అదే. తేనె అంత తియ్యగా ఉన్నా పీహెచ్ తక్కువ ఎందుకో, తొందరగా చెడిపోకపోవడానికి ఒక కారణమేంటో ఇక్కడ తెలుస్తుంది. షుగర్ చూసుకునే స్ట్రిప్పుల్లో చాలావాటి మీద ఉండేది కూడా ఆ ఎంజైమే, అంటే వేలు గుచ్చి రక్తం చుక్క పెట్టిన ప్రతిసారీ ఆ స్ట్రిప్ మీద కొద్దిగా గ్లూకోనోలాక్టోన్ పుడుతోంది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది, పదేళ్ళుగా ఇంట్లో ఆ మిషన్ ఉంది మరి.

15వ రోజు, శనివారం

ఇవాళ్టిది ఈ ప్రాజెక్టుకే హీరో. అనుకుని చేసింది కాదు.

కొత్త జీడీఎల్ ద్రావణంలో ప్రస్తుతం ఎంత ఆసిడ్ ఉందో టైట్రేషన్ చేసి చూద్దాం అని కూర్చున్నాం. 1 గ్రాము 100 మి.లీ.లో, ఫినాఫ్తలీన్ మూడు చుక్కలు, బ్యూరెట్‌లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్. కొద్ది మి.లీ.లకే గులాబీ వచ్చేసింది. రీడింగ్ రాసుకుందాం అని పెన్ను తీశా, "మావయ్యా, మళ్ళీ తెల్లగా అయిపోయింది" అంది బుజ్జి. ఇంకో మి.లీ. వేశాం, గులాబీ, కొన్ని సెకన్లకి మాయం. ఇంకోటి, మాయం. ఇంకోటి.

నేనూ ఒక నిమిషం బుర్ర గోక్కున్నా. ఆ తర్వాత వెలిగింది. బీకర్లో రెండు లాక్టోన్లు ఉన్నాయి కదా! క్షారం పడగానే ఫినాఫ్తలీన్ రింగు తెరుచుకుంటోంది, రంగు. అదే క్షారం జీడీఎల్ రింగుని కూడా తెరుస్తోంది, మామూలు నీళ్ళలో గంటలు పట్టేది క్షారంలో సెకన్లలో అయిపోతోంది, అలా తెరుచుకున్న ప్రతి అణువూ ఆసిడ్ అయ్యి ఆ క్షారాన్ని తినేస్తోంది, పీహెచ్ కిందకి జారగానే ఫినాఫ్తలీన్ రింగు మళ్ళీ మూసుకుంటోంది. ఒక కడియం సీల ఊడితే ఇంకో కడియం సీల పడుతోంది.

అనుమానం పెట్టుకోవాలి కదా, రంగు పోవడానికి వేరే దారులు కూడా ఉన్నాయి. గాల్లో కార్బన్ డయాక్సైడ్ కరిగితే పోతుంది. క్షారం మరీ ఘాటైతే, పీహెచ్ 13 పైన, ఫినాఫ్తలీన్ ఇంకో రంగులేని రూపంలోకి మెల్లగా జారుకుంటుంది. అందుకని జీడీఎల్ లేకుండా అంతే నీళ్ళు, అంతే ఫినాఫ్తలీన్, గులాబీ వచ్చేదాకా ఒకటి రెండు చుక్కల క్షారం వేసి పక్కన పెట్టాం. పావుగంట దాకా గులాబీగానే ఉంది, తర్వాత కాస్త పాలిపోయింది. మా బీకర్లో అయితే సెకన్లే. కాబట్టి దొంగ జీడీఎలే.

అలా వేస్తూ పోయి, గులాబీ ఇక పోకుండా నిలబడే దాకా వేశాం. 55.8 మి.లీ. దగ్గర నిలబడింది. లెక్క ప్రకారం గ్రాము జీడీఎల్ మొత్తం తెరుచుకుంటే 56.1 మి.లీ. పట్టాలి. నేను ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి బల్ల మీద చరిచా, పక్క గదిలో అటెండర్ "ఏమైంది సార్" అని పరిగెత్తుకొచ్చాడు.

16వ రోజు, ఆదివారం

పాలు. మొదటి గ్లాసు నేనే చెడగొట్టా, పాలు బాగా వేడిగా ఉండగా జీడీఎల్ వేసేశా, నిమిషాల్లో గరుకు గరుకుగా విరిగి నీళ్ళు పైకి తేలాయి. వేడికి రింగు తొందరగా తెరుచుకుంటుంది కదా, ఆసిడ్ ఒక్కసారిగా దిగింది, అది నిమ్మరసం పిండినట్టే అయింది.

రెండోసారి కాచి చల్లార్చిన పాలు 40 డిగ్రీల దగ్గర, 200 మి.లీ.కి 3 గ్రాములు, గిర్రున కలిపి కదలకుండా పెట్టేశాం. ఏమీ జరగనట్టే ఉంది చాలాసేపు. పక్క గ్లాసులో మీటర్ పెట్టి చూస్తే పీహెచ్ దిగుతోంది, 5.2 దగ్గరికొచ్చేసరికి గ్లాసు వంచితే పాలు కదల్లేదు. నున్నగా, పెరుగు తోడుకున్నట్టు. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ గుంపులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి, ఆసిడ్ పెరిగేకొద్దీ ఆ నెట్టుడు తగ్గి 4.6 దగ్గర పూర్తిగా పోతుంది. నిమ్మరసంతో ఒకేసారి పోతే ఎక్కడివక్కడ ముద్దలు. మెల్లగా పోతే తీరిగ్గా చేతులు కలుపుకుని వల అల్లుకుంటాయి. పెరుగులో బ్యాక్టీరియా చేసే పని కూడా ఈ మెల్లగా ఆసిడ్ వదలడమే, ఇక్కడ బ్యాక్టీరియా బదులు ఒక రింగు. సోయా పాలతో చేసే మెత్తటి టోఫు రహస్యం కూడా ఇదే, చల్లటి సోయా పాలలో జీడీఎల్ కలిపి ప్యాకెట్లో పోసి సీల్ చేసి అప్పుడు వేడి చేస్తారు, ప్యాకెట్ లోపలే గడ్డకడుతుంది.

22వ రోజు, శనివారం

వాసనల రోజు. కిటికీలన్నీ తెరిచే చేశాం, అయినా ఇంటికెళ్ళాక మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

నాలుగు సీసాలు, అన్నీ బాగా పల్చన చేసినవి: గామా నోనలాక్టోన్, గామా డెకలాక్టోన్, డెల్టా డెకలాక్టోన్, సోటొలాన్. వాసన చూసే కాగితం ముక్కల మీద ఒక్కో చుక్క, పేర్లు దాచి ఆరుగురి చేత వాసన చూపించాం. నోనలాక్టోన్‌కి ఐదుగురు కొబ్బరి అన్నారు. గామా డెకలాక్టోన్‌ది పీచ్ పండు వాసన, మావాళ్ళు మాత్రం షాంపూ, మిఠాయి, "ఏదో పండు" అని తలో మాట చెప్పారు. డెల్టాకి ముగ్గురు వెన్న అన్నారు, అది కరెక్టే, వెన్న కరిగించి కాచినప్పుడు కొవ్వులో ఉన్న హైడ్రాక్సీ ఆసిడ్లు విడిపడి రింగులు కట్టుకుంటాయి, ఆ కమ్మదనంలో డెల్టా లాక్టోన్ల వాటా చాలా ఉంది.

సెంట్ల వ్యాపారంలో ఒక తమాషా. కొబ్బరి వాసన నోనలాక్టోన్‌ని వాళ్ళు ఆల్డిహైడ్ సి-18 అంటారు, పీచ్ వాసన అన్‌డెకలాక్టోన్‌ని ఆల్డిహైడ్ సి-14 అంటారు. అవి ఆల్డిహైడ్లూ కావు, కార్బన్లు పద్దెనిమిదీ పద్నాలుగూ కావు, తొమ్మిదీ పదకొండూ. పేరులో రెండు ముక్కలుంటే రెండూ అబద్ధమే, అయినా వందేళ్ళ నుంచి అలాగే చెలామణీ.

సోటొలాన్ సంగతి వేరు. చాలా పల్చగా ఉంటే కాచిన పంచదార పాకం, మేపుల్ సిరప్ వాసన. కాస్త ఎక్కువైతే మెంతులు. మెంతుల్లో ఉండేది అదే. మేం పల్చన చేసినప్పుడు ఒక సున్నా తప్పు లెక్కేశా, గది మొత్తం మెంతులే. ల్యుసిన్ లాంటి కొన్ని అమైనో ఆసిడ్లని ఒళ్ళు అరిగించుకోలేని ఒక పుట్టు జబ్బు ఉంది, ఆ పసిపిల్లల మూత్రం మేపుల్ సిరప్ వాసన వస్తుంది, జబ్బు పేరే అలా పెట్టారు, ఆ వాసనకి కారణం ఈ సోటొలానే. ముక్కుతో పట్టిన క్లూ ఒక పసిబిడ్డ ప్రాణం కాపాడొచ్చు.

ఇక మా ప్రశ్న, రింగు తెరిస్తే వాసన ఏమవుతుంది? గామా డెకలాక్టోన్ రెండు చుక్కలు, కొంచెం ఆల్కహాల్, సోడియం హైడ్రాక్సైడ్, 60 డిగ్రీల నీళ్ళలో అరగంట. వాసన పోయింది. ఆల్కహాల్ వాసన తప్ప ఏమీ లేదు. ఎందుకంటే తెరుచుకున్న రూపం ఉప్పై నీళ్ళలో కూర్చుంటుంది, గాల్లోకి ఎగరదు, ఎగరనిది ముక్కు దాకా రాదు. తర్వాత పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 2కి తెచ్చి పది నిమిషాలు వెచ్చగా ఉంచాం. మూత తియ్యగానే పండు తిరిగొచ్చింది! బుజ్జి కళ్ళు ఇంత చేసుకుంది. లాక్టోన్ వెయ్యని ట్యూబులో అదే ఆల్కహాల్ అదే క్షారం అదే ఆసిడ్ వేసి చూస్తే ఏ పండూ రాలేదు.

ఇంకోటి, ఈ పీచ్ వాసన ఫ్యాక్టరీల్లో ఎక్కడి నుంచి తీస్తారో తెలుసా, ఆముదం నుంచి. ఆముదంలో రిసినోలిక్ ఆసిడ్ ఉంది, 18 కార్బన్ల గొలుసు, 12వ కార్బన్ మీద ఓహెచ్. యారోవియా అనే ఈస్ట్ దాన్ని చివర నుంచి రెండేసి కార్బన్లు కొరుక్కుంటూ నాలుగుసార్లు తింటుంది, 10 కార్బన్లు మిగులుతాయి, ఓహెచ్ ఇప్పుడు 4వ దాని మీద, సరిగ్గా ఐదు మూలల రింగు కట్టుకునే దూరం. ఆముదం వాసన తెలిసినవాళ్ళెవరైనా దీన్ని నమ్ముతారా.

23వ రోజు, ఆదివారం

కౌమరిన్. 1820లో టోంకా గింజల్లో దొరికింది, 1868లో ఇంగ్లీషు కెమిస్ట్ పెర్కిన్ దాన్ని ల్యాబులో తయారుచేశాడు. ఎండుగడ్డి వాసన. పచ్చి గడ్డిలో ఆ వాసన ఉండదు, ఎందుకో చదివితే మళ్ళీ మా కడియమే. మొక్క దాన్ని తెరిచిన రూపంలో, చక్కెర తగిలించి దాచుకుంటుంది. కోసి ఎండబెట్టినప్పుడు కణాలు చితికి ఎంజైమ్ ఆ చక్కెరని తీసేస్తుంది, వెంటనే రింగు దానంతటదే మూసుకుంటుంది, వాసన లేస్తుంది.

దాల్చినచెక్కలో రెండు రకాలు తెచ్చాం, దళసరి కాసియా ఒకటి, పల్చటి సిలోన్ రకం ఒకటి. పొడి ట్యూబులో వేసి, మూతి మీద క్షారంలో తడిపిన ఫిల్టర్ పేపర్ కప్పి, వేడినీళ్ళలో పెట్టి, తర్వాత ఆ పేపర్‌ని యూవీ టార్చి కింద చూడాలి. మొదట ఏం కనపడలేదు, టార్చి అలాగే పట్టుకుని ఉంటే కొన్ని నిమిషాలకి కాసియా పేపర్ పసుపు పచ్చగా మెరవడం మొదలైంది. సిలోన్ పేపర్ మీద ఆనవాలు కూడా కష్టమే. క్షారం రింగు తెరుస్తుంది, యూవీ కాంతి ఆ తెరిచిన చేతిని అటువైపు తిప్పేస్తుంది, మెరిసేది ఆ తిరిగిన రూపమే. ఒకసారి తిరిగాక ఆసిడ్ వేసినా మూసుకోదు, చెయ్యి చేతికి అందదు మరి.

తిండి సంగతికొస్తే కౌమరిన్ ఎక్కువైతే కొందరికి లివర్‌కి పడదు, యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజూ ఒంటి బరువు కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటొద్దంది.

ఆవుల కథ చెప్పకపోతే పాపం. 1920ల్లో ఉత్తర అమెరికాలో కౌమరిన్ ఉండే స్వీట్ క్లోవర్ అనే గడ్డి బూజు పట్టాక దాన్ని తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన ఆవునీ, గడ్డకట్టని రక్తంతో నిండిన పాల క్యానునీ ట్రక్కులో వేసుకుని మంచు తుఫానులో యూనివర్సిటీకి తెచ్చాడు. అక్కడ బయోకెమిస్ట్ కార్ల్ లింక్ బృందం ఏళ్ళు పట్టి రక్తం గడ్డకట్టనివ్వని ఆ పదార్థాన్ని, డైకౌమరాల్‌ని, బయటికి లాగింది. కౌమరిన్ ఒక్కదానికే ఆ గుణం లేదు, బూజు దాన్ని మార్చి రెండింటిని జతకట్టడంతో వచ్చింది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తిరిగి వాడకంలోకి రాకుండా డైకౌమరాల్ అడ్డుపడుతుంది. దాన్ని మార్చుకుంటూ పోతే వచ్చింది వార్ఫరిన్, 1948లో ఎలుకల మందు, 1954లో రక్తం గడ్డకట్టకుండా మనుషులకిచ్చే మందు. అదే 1954లో అమెరికాలో కౌమరిన్‌ని తిండిలో కలపడం నిషేధించారు. చుట్టాల్లో ఒకడు వంటింట్లోంచి బయటికి పోయాడు, ఇంకొకడు ఆస్పత్రిలో చేరాడు.

26వ రోజు, బుధవారం రాత్రి

ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి మందుల గురించి అట్టముక్కలు రాస్తున్నా. మందులతో ప్రయోగాలు చెయ్యట్లేదు, అట్టల మీద బొమ్మలే.

మొదటిది లోవాస్టాటిన్, కొలెస్ట్రాల్ మందు, యాస్పర్‌జిల్లస్ టెరియస్ అనే బూజు ఇచ్చింది, 1987లో అనుమతి. మాత్రలో రింగు మూసి ఉంటుంది, ఆ రూపంలో పని చెయ్యదు. ఒంట్లోకి పోయాక రింగు తెరుచుకుని ఆసిడ్ అయితేనే కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమ్‌కి అడ్డం పడుతుంది. సిమ్వాస్టాటిన్ కూడా అంతే. అటోర్వాస్టాటిన్‌ని అయితే ముందే తెరిచిన రూపంలో ఇస్తారు.

రెండోది దానికి పూర్తిగా తిరగబడ్డది. క్యాంప్టోథెసిన్, 1966లో మన్రో వాల్, మన్సుఖ్ వాని ఒక చైనా చెట్టు నుంచి తీసిన క్యాన్సర్ మందు. నీళ్ళలో కరగట్లేదని రింగు తెరిచి సోడియం ఉప్పుగా చేసి రోగులకి ఇచ్చి చూశారు. కరిగింది, కానీ సరిగ్గా పని చెయ్యలేదు, మూత్రాశయానికి తీవ్రమైన హాని చేసింది. దీనికి రింగు మూసి ఉంటేనే ప్రాణం. రక్తం పీహెచ్ దగ్గర అది తెరుచుకుంటూ ఉండటమే పెద్ద తలనొప్పి, తర్వాత దాన్నే మార్చి చేసిన టోపోటెకాన్, ఇరినోటెకాన్ వచ్చాక దారి దొరికింది. ఈ రెండు అట్టలూ పక్కపక్కన పెడితే చాలు, నేను మాట్లాడక్కర్లేదు.

మూడోది ఓర్లిస్టాట్, బరువు తగ్గడానికి ఇచ్చే మందు. నాలుగు మూలల ఇరుకు రింగు. కొవ్వు అరిగించే లైపేజ్ ఎంజైమ్ దాన్ని తెరవబోతుంది, తెరిచిన చెయ్యి ఎంజైమ్‌కే అతుక్కుపోతుంది, తలుపు తీసినవాడి చెయ్యి తలుపుకే ఇరుక్కున్నట్టు.

ఇక యాంటీబయాటిక్‌లు, ఎరిత్రోమైసిన్‌కి 14 పరమాణువుల పెద్ద రింగు, అజిత్రోమైసిన్‌కి 15, బ్యాక్టీరియా ప్రోటీన్ తయారుచేసుకునే యంత్రానికి అడ్డుగా కూర్చుంటాయి. కొన్ని బ్యాక్టీరియాలు ఎరిత్రోమైసిన్ రింగుని కోసేసే ఎంజైములు పెట్టుకుని తప్పించుకుంటాయి. ఆర్టెమిసినిన్ అట్ట మాత్రం తీసేద్దామా అనుకున్నా, మలేరియా మందు, 1972లో చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం తీసింది, 2015లో నోబెల్, అందులో లాక్టోన్ ఉంది నిజమే గానీ పని చేసేది పక్కనున్న పెరాక్సైడ్ బంధం, అంటే రెండు ఆక్సిజన్ల మధ్య బంధం, లాక్టోన్‌ని మార్చేస్తే మందు ఇంకా పదునైంది. ఉంచా. లోపల లాక్టోన్ ఉన్నంత మాత్రాన పెత్తనం దానిదే అనుకోకూడదుగా.

29వ రోజు, శనివారం

బ్యాక్టీరియా అట్ట బుజ్జి రాసింది, నాకంటే బాగా రాసింది. విబ్రియో ఫిషెరి అనే వెలుగునిచ్చే బ్యాక్టీరియా ఒక చిన్న స్క్విడ్ ఒంట్లో కాపురముంటుంది, ఒక్కోటీ హోమోసెరీన్ లాక్టోన్ వదులుతూ ఉంటుంది, గుంపు పెరిగితే ఆ లాక్టోన్ కూడా పేరుకుంటుంది, ఒక హద్దు దాటాక అందరూ ఒకేసారి వెలుగుతారు. కొన్ని నేల బ్యాక్టీరియాలు లాక్టోనేజ్ అనే ఎంజైముతో ఆ రింగు తెరిచి పక్కవాళ్ళ కబుర్లు చెరిపేస్తాయి. నీళ్ళు క్షారమైనా తెరుచుకుంటుంది, ఎంజైమ్ కూడా అక్కర్లేదు. మన రక్తంలో కూడా పీఓఎన్1 అనే లాక్టోనేజ్ ఉంది.

విటమిన్ సి అట్ట కూడా తనదే. చాలా జంతువులు దాన్ని ఒంట్లోనే చేసుకుంటాయి, ఆఖరి మెట్టులో గులోనోలాక్టోన్ ఆక్సిడేజ్ కావాలి, మనకి ఆ జన్యువు పాడైపోయి ఉంది, గినీ పందికి కూడా. ఆక్సిజన్ తగిలిన విటమిన్ సిని ఒళ్ళు మళ్ళీ బాగుచేసుకోగలదు, కానీ ఆలోపు రింగు తెరుచుకుందా, ఇక వెనక్కి రాదు.

సాయంత్రం డెల్టా డెకలాక్టోన్‌తో వాసన ప్రయోగం మళ్ళీ చేశాం. గామాకి చేసినట్టే, అదే క్షారం, అదే అరగంట, అదే ఆసిడ్, అదే పది నిమిషాలు. వెన్న వాసన పోయింది, బానే ఉంది. తిరిగి రావడం మాత్రం అంతంతే, నాకు లీలగా అనిపించింది, బుజ్జి అయితే "ఏం లేదు మావయ్యా, నువ్వు రావాలనుకుంటున్నావు కాబట్టి వచ్చింది" అంది. ఆరు మూలల రింగు ఐదు మూలలంత ఇష్టంగా మూసుకోదని తెలుసు, కాబట్టి ఆశ్చర్యమేం లేదు, కానీ తనన్న మాట గుచ్చుకుంది. అందుకని మూడు ట్యూబులు పెట్టాం, ఒకటి పది నిమిషాలు, ఒకటి గంట, ఒకటి రాత్రంతా వెచ్చటి నీళ్ళలో, పక్కన లాక్టోన్ లేనిది ఒకటి. నంబర్లు బుజ్జి వేసి నాకు చెప్పకుండా కాగితం జేబులో పెట్టుకుంది. రేపు పొద్దున్న నేను కళ్ళు మూసుకుని వాసన చూడాలి.